దావా విలువ, దావా చిక్కు: జటిల సివిల్ వ్యాజ్యాల నిర్వహణ

(జస్టిస్ కోకా సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)

1. స్మరణ

రాజమహేంద్రవరంలో 1902లో జన్మించి, 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగానూ, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తిగానూ బాధ్యతలు చేపట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు పేరు వినగానే, ప్రాథమిక హక్కులను సవరించే అధికారం పార్లమెంటుకు లేదన్న 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పే ఎక్కువమందికి స్ఫురిస్తుంది. రాజ్యాంగ వ్యాఖ్యాతగా ఆయనకు దక్కిన కీర్తి సివిల్ న్యాయంలో ఆయన చేసిన కృషిని కొంత మరుగుపరచింది. ఒక తెలుగు ఉమ్మడి కుటుంబపు ఆస్తి వివాదంలో 1963లో ఆయన రాసిన తీర్పు నేటికీ విభజన దావాలన్నిటిలోనూ ఉదాహరింపబడుతూనే ఉంది. ఒక విషయాన్ని నిరూపించవలసిన మౌలిక భారం ఎవరిపై ఉందో వారిపైనే చివరిదాకా నిలిచి ఉంటుందనీ, విచారణ సాగేకొద్దీ సాక్ష్యం చూపవలసిన వంతు మాత్రమే ఒక పక్షం నుంచి మరో పక్షానికి మారుతుందనీ ఆ తీర్పు విడదీసి చెప్పింది; ఉమ్మడి నుంచి విడిపోవాలన్న సంకల్పం మనసులో ఉంటే చాలదనీ, అది తక్కిన సభ్యులకు తెలియజేయబడాలనీ కూడా అదే తీర్పు స్పష్టపరచింది.

ఈ రెండు సూత్రాల వెనుక ఉన్న దృష్టి ఒకటే: ఎవరు ఏమి నిరూపించాలో, ఎవరికి ఏమి తెలియాలో ముందే స్థిరపడకపోతే న్యాయవిచారణకు దారి ఉండదు. జటిల సివిల్ వ్యాజ్యాలను త్వరగానూ న్యాయంగానూ నడపడం ఎలాగన్న ప్రశ్నకు సమాధానం కూడా ఆ దృష్టిలోనే దొరుకుతుందన్నది ఈ ఉపన్యాసపు ప్రతిపాదన.

2. జటిలమైన దావా అంటే ఏమిటి

పెద్ద మొత్తం ఇమిడి ఉన్న ప్రతి దావా జటిలమైనది కాదు. కోట్ల రూపాయల ప్రామిసరీ నోటు దావాలో తేలవలసింది సంతకం ఎవరిది, డబ్బు చేతులు మారిందా, కాలపరిమితి మించిందా అన్న రెండు మూడు విషయాలే కావచ్చు. పక్షాలు ఎక్కువై, వారి హక్కులు ఒకదానిపై ఒకటి ఆధారపడి, ఆస్తులు లేదా లావాదేవీలు అనేకమై, దావా నడుస్తుండగానే మనుషులూ ఆస్తి స్వరూపమూ చట్టమూ మారిపోయే అవకాశం ఉన్నప్పుడే వ్యాజ్యం జటిలమవుతుంది.

తెలుగు రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో ఈ లక్షణాలన్నీ ఒక్కచోట కనిపించేది కార్పొరేట్ వివాదాల్లో కంటే విభజన దావాల్లోనే. మూడు తరాల వంశవృక్షం, నాలుగు గ్రామాల సర్వే నంబర్లు, పట్టాదారు పాసుపుస్తకాలు, ఎవరో ఒకరు ముందుకు తెచ్చే వీలునామా, నోటిమాటగా జరిగిందనే పాత పంపకం, దావా వేసిన తరువాత ప్లాట్లు కొనుక్కున్నవారు, మైనర్లు, విదేశాల్లో ఉన్న వాటాదారులు, వీరంతా ఒకే ఫైలులోకి వస్తారు. విభజన దావాలో ప్రతివాది కూడా తన వాటా తాను కోరగలడు గనుక ప్రతి పక్షమూ ఒకేసారి వాదీ ప్రతివాదీ కూడా అవుతుంది. అందుచేత ఇద్దరి మధ్య తగువు కోసం రూపొందిన విచారణక్రమం ఇక్కడ సరిగా అమరదు.

ఈ చిక్కు ఎంత దూరం పోగలదో హైదరాబాదు హైకోర్టులో 1958 నాటి 14వ నంబరు సివిల్ సూట్ చూపుతుంది. నిజాం కాలపు ‘పైగా’ ప్రభు కుటుంబం ఒకదాని ఆస్తుల విభజన కోసం సాగిన ఆ దావాలో 1963లో ప్రాథమిక డిక్రీ, అంటే ఎవరికి ఎంత వాటా అన్నది మాత్రమే తేల్చే డిక్రీ, వెలువడింది. వాటాలను నేల మీద విడగొట్టే తుది డిక్రీల దశలో హక్కులు చేతులు మారాయి, నగరం పెరిగింది, ఊరి పొలాలు కాలనీలయ్యాయి, దావాలో పక్షం కాని మూడోవారు అభ్యంతరాలతో ముందుకు వచ్చారు. ఆ డిక్రీ కింద హైదర్‌నగర్ భూముల గురించి తలెత్తిన వివాదంలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 2023లో, అంటే ప్రాథమిక డిక్రీ వచ్చిన 60 ఏళ్లకు.

3. కాలం ఎక్కడ పోతుంది

జాప్యానికి న్యాయమూర్తుల కొరతనూ, వాయిదాలనూ కారణాలుగా చెప్పడం పరిపాటి, అవి నిజమైన కారణాలే. అయితే ఉన్న న్యాయమూర్తి దగ్గర ఉన్న దావాకు కూడా బాధ్యుడు లేకపోవడం మరో కారణం. జవాబు దాఖలయ్యేవరకు ప్రతివాది న్యాయవాది, ముఖ్య విచారణ అఫిడవిట్ (ఛీఫ్ అఫిడవిట్) వచ్చేవరకు వాది న్యాయవాది, నివేదిక వచ్చేవరకు అడ్వకేట్ కమిషనర్, ఇలా దావా ఎవరో ఒకరి చేతిలో ఆగి ఉంటుంది. ఉదయం కాల్‌వర్క్‌లో పదుల కేసులను పిలిచి తేదీలు వేసే న్యాయమూర్తికి ఆ ఫైలులో అసలు తగువు ఏమిటో తెలుసుకునే వ్యవధి వాదనల రోజు వరకు చిక్కదు.

1909 జనవరి 1 నుంచి అమలులో ఉన్న 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతి దావా నడకను ఇలా ఊహించలేదు. పక్షాలు ఏ ఆరోపణలను ఒప్పుకుంటున్నాయో, వేటిని కాదంటున్నాయో మొదటి విచారణలోనే అడిగి నమోదు చేయాలని పదో ఆర్డరు చెబుతుంది. పత్రాల వెల్లడినీ లిఖిత ప్రశ్నావళినీ పదకొండో ఆర్డరు, ఎదుటి పక్షం ఒప్పుకోళ్లను కోరే నోటీసులనూ, ఒప్పుకున్నంత మేరకు వెంటనే తీర్పు ఇచ్చే అధికారాన్నీ పన్నెండో ఆర్డరు సమకూరుస్తాయి. వీటన్నిటి తరువాతనే, పక్షాలు నిజంగా విభేదించే అంశాలేవో తెలుసుకుని వివాదాంశాలను, అంటే కోర్టు తేల్చవలసిన ప్రశ్నలను, రాయాలని పద్నాలుగో ఆర్డరు నిర్దేశిస్తుంది.

ఆచరణలో పది, పదకొండు, పన్నెండు ఆర్డర్లను దాటవేసి నేరుగా పద్నాలుగుకు వెళ్లడం అలవాటైంది. న్యాయవాదులు ఇచ్చిన ముసాయిదాలనుంచి “వాది కోరిన విభజనకు అర్హుడా?”, “ఏ ఉపశమనానికి?” అన్న రెండు వాక్యాలు ఎత్తిరాయడంతో ఆ ఘట్టం ముగుస్తుంది. వివాదాంశం అంత వదులుగా ఉన్నప్పుడు ఏ సాక్షి అవసరమో, ఏ పత్రం అనవసరమో చెప్పే ఆధారం ఉండదు. ఎవరూ కాదనని వంశవృక్షం గురించి రోజుల తరబడి క్రాస్ పరీక్ష జరుగుతుంది. పదో నంబరు ఆస్తి ఉమ్మడిదా, స్వార్జితమా అన్న అసలు ప్రశ్న వాదనల్లో మొదటిసారి బయటపడి, దావా పత్రం సవరణకూ కొత్త సాక్ష్యానికీ దారి తీస్తుంది.

4. సంస్కరణల క్రమం, వాటిలోని లోటు

శాసనకర్తలు ఊరుకోలేదు. 1976, 1999, 2002 సవరణలు గడువులను బిగించాయి. రాతపూర్వక జవాబుకు 30 రోజులు, కారణాలు నమోదు చేసి గరిష్ఠంగా 90 రోజులు. ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించరాదు. ముఖ్య విచారణ సాక్ష్యం అఫిడవిట్ రూపంలో. కోర్టు వెలుపలి పరిష్కారానికి 89వ సెక్షన్. ఈ సవరణల చెల్లుబాటును సేలం న్యాయవాదుల సంఘం ప్రశ్నించినప్పుడు సుప్రీంకోర్టు వాటిని సమర్థిస్తూనే, జవాబు గడువు తప్పనిసరి ఆజ్ఞ కాదనీ, పక్షం చేతిలో లేని కారణాలున్నప్పుడు వాయిదాల పరిమితి అన్యాయానికి దారితీయరాదనీ 2005లో వివరించింది. ఆ కేసులోనే, తెలుగు నేలకు చెందిన జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘం కేసు ప్రవాహ నిర్వహణకు నమూనా నియమాలు రూపొందించింది. దావాలను స్వభావాన్ని బట్టి వేర్వేరు వరుసల్లో పెట్టి, ఒక్కొక్క వరుసకు వేరే కాలక్రమం నిర్ణయించాలన్నది వాటి సారాంశం.

మరో అడుగు 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం. పక్షాలు పరస్పరం పత్రాలను ఒప్పుకునే లేదా నిరాకరించే అఫిడవిట్లు దాఖలు చేసిన నాలుగు వారాల్లో కేసు నిర్వహణ విచారణ జరపాలనీ, అందులో వివాదాంశాలు, సాక్షుల జాబితా, సాక్ష్యపు తేదీలు, వాదనల తేదీలు ఒకేసారి ఖరారు చేయాలనీ, ఆ తొలి విచారణ నుంచి ఆరు నెలల్లో వాదనలు ముగిసేలా చూడాలనీ అది నిర్దేశించింది. ఈ దావాల్లో జవాబుకు 120 రోజుల గడువు దాటితే ఆ హక్కు పూర్తిగా పోతుందని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. మొదట కోటి రూపాయలుగా ఉన్న కనీస విలువను 2018 సవరణ 3 లక్షలకు తగ్గించింది.

ఇక్కడే ఒక వైపరీత్యం కనిపిస్తుంది. 3 లక్షల రూపాయల సరకు బిల్లు బాకీపై ఇద్దరు వర్తకుల మధ్య నడిచే తేలిక దావాకు, అది వాణిజ్య వివాదం గనుక, దేశంలో అందుబాటులో ఉన్న అత్యుత్తమ నిర్వహణ పద్ధతి చట్టబద్ధంగా దక్కుతుంది. నలభైమంది వాటాదారులూ, పాతిక సర్వే నంబర్లూ, మూడు వీలునామాలూ ఉన్న విభజన దావాకు ఆ స్థాయి నిర్వహణ చట్టం ఆజ్ఞగా దక్కదు. అది న్యాయమూర్తి ఓపికపైనా, ఆయా హైకోర్టుల నియమాలపైనా ఆధారపడుతుంది. అవసరం ఒక వర్గానికీ, పరికరం మరో వర్గానికీ దక్కిన ఈ ఏర్పాటు సరిదిద్దవలసింది.

ఇంగ్లండు అనుభవం ఈ విషయంలో ఉపయోగపడుతుంది. లార్డ్ వుల్ఫ్ 1996 నివేదికను అనుసరించి 1999 ఏప్రిల్ నుంచి అమలైన సివిల్ ప్రక్రియా నియమాలు వ్యాజ్యాన్ని నడిపే బాధ్యతను పక్షాల నుంచి న్యాయమూర్తికి మార్చి, దావాలను మూడు వరుసలుగా విభజించాయి. ఈ విభజనలో మొత్తంతోపాటు సంక్లిష్టత, పక్షాల సంఖ్య, సాక్ష్యపు పరిమాణం కూడా లెక్కలోకి వస్తాయి. అక్కడ కూడా కఠినత్వం ఒక దశలో హద్దు మీరింది. గడువు తప్పినందుకు తీవ్రమైన ఫలితాలను సమర్థించిన 2013 నాటి అప్పీలు కోర్టు తీర్పును, తప్పు ఎంత పెద్దది, ఎందుకు జరిగింది, మొత్తం పరిస్థితులేమిటి అని మూడు మెట్లలో చూడాలంటూ అదే కోర్టు 2014లో సవరించి వివరించవలసి వచ్చింది.

5. విభజన దావాను నడిపే తీరు

పై పద్ధతులను విభజన దావాకు అన్వయించడానికి కొత్త చట్టం కోసం వేచి ఉండనవసరం లేదు. ఉన్న ఆర్డర్లను వరుసగా వాడితే చాలు.

మొదట పక్షాల సంగతి. దావా పత్రంతో పాటు వంశవృక్షాన్ని వేరే పట్టికగా తీసుకుని, పదో ఆర్డరు కింద ప్రతి శాఖవారినీ అడిగి, ఒప్పుకున్న భాగంపై సంతకాలు తీసుకుంటే, సాక్ష్యంలో సగం భారం అక్కడే తీరిపోతుంది. పక్షం మరణించినప్పుడు 90 రోజుల్లో వారసులను రికార్డులోకి తేకపోతే ఆ మేరకు దావా రద్దవుతుంది గనుక, ఎల్.ఆర్. పిటిషన్లూ, వాటికి ఆలస్య మాఫీ పిటిషన్లూ పేరుకుపోవడం ఈ దావాల్లో సర్వసాధారణం. మరణవార్తను కోర్టుకు తెలిపే బాధ్యత 1976 నుంచి న్యాయవాదిపై ఉంది. ఆరునెలలకోసారి పక్షాల జాబితాను సరిచూసే తేదీ ఒకటి ముందే వేసుకుంటే ఆ బాధ్యత కాగితం దాటి ఆచరణలోకి వస్తుంది.

తరువాత ఆస్తుల సంగతి. షెడ్యూలులోని ప్రతి ఆస్తికీ ఎదురుగా ఎవరి స్వాధీనంలో ఉంది, ఉమ్మడిదని ఎవరు అంటున్నారు, స్వార్జితమని ఎవరు అంటున్నారు, ఏ పత్రంపై ఆధారపడుతున్నారు అన్న నాలుగు గడులు పూరిస్తే, ఏ ఆస్తి గురించి తగువే లేదో బయటపడుతుంది. తగువు లేని ఆస్తుల మేరకు పన్నెండో ఆర్డరు ఆరో నియమం కింద వెంటనే ప్రాథమిక డిక్రీ ఇవ్వవచ్చు. ఒకే దావాలో ఒకటి కంటే ఎక్కువ ప్రాథమిక డిక్రీలు ఉండవచ్చని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. సరిహద్దులు, విస్తీర్ణం, కట్టడాలు వివాదంలో ఉంటే సర్వేయరు సాయంతో అడ్వకేట్ కమిషనర్‌ను తుది డిక్రీ దాకా ఆగకుండా మొదట్లోనే నియమించడం మేలు. అమలు దశలోని జాప్యాన్ని పరిశీలించిన 2021 నాటి తీర్పులో, ఆస్తి గురించి మూడోవారి హక్కులేమైనా ఉన్నాయేమో విచారణ కోర్టు మొదటే అడగాలనీ, ఆస్తి వర్ణన కచ్చితంగా తేల్చడానికి అవసరమైతే కమిషనర్‌ను వేయాలనీ సుప్రీంకోర్టు ఆదేశించింది. డిక్రీ పొందిన తరువాతనే భారతదేశంలో కక్షిదారుడి కష్టాలు మొదలవుతాయని 1872లో ప్రివీ కౌన్సిల్ చేసిన వ్యాఖ్యను నేటి కోర్టులు కూడా గుర్తుచేసుకోవలసి రావడానికి ఒక కారణం, డిక్రీ రాసేనాటికి ఆస్తి నేల మీద ఎలా ఉందో ఎవరూ చూసి ఉండకపోవడమే.

దావా పెండింగులో ఉండగా కొన్నవారు ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం తీర్పుకు కట్టుబడవలసినవారే అయినా, దావా ఉన్నట్టు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో కనిపించకపోతే నిజంగా తెలియక కొన్నవారు కూడా వారిలో ఉంటారు. దావా నోటీసును రిజిస్ట్రేషన్ చేస్తేనే ఈ నిబంధన వర్తించేలా బొంబాయి రాష్ట్రంలో 1939లో సవరణ చేశారు. అది మహారాష్ట్ర, గుజరాత్‌లలో కొనసాగుతోంది. ఆ తరహా ఏర్పాటు తెలుగు రాష్ట్రాల శాసనసభలు పరిశీలించదగినది, ఎందుకంటే కొనుగోలుదారుకు ముందుగా తెలియడం అతడికి న్యాయం; తమనూ పక్షంగా చేర్చమనే ఇంప్లీడ్ పిటిషన్ల బెడద కోర్టుకు తగ్గుతుంది.

చివరిగా డిక్రీల మధ్య ఖాళీ. ప్రాథమిక డిక్రీతో దావా ముగిసినట్టు రిజిస్టరులో చూపి, ఎవరో పిటిషన్ వేసేదాకా ఫైలును రికార్డు గదికి పంపే అలవాటును సుప్రీంకోర్టు 2009లో విమర్శించింది. ప్రాథమిక డిక్రీ ఇచ్చిన కోర్టు తనంతట తానే తుది డిక్రీకి తేదీ వేయాలని 2022లో దేశంలోని విచారణ కోర్టులన్నిటికీ సూచించింది. ఈ ఒక్క సూచన సక్రమంగా అమలైతే తుది డిక్రీ పిటిషన్ కోసం తరాలు ఎదురుచూసే స్థితి తప్పుతుంది.

6. దావా ఉండగా మారిన చట్టం

ఆలస్యం వల్ల కలిగే నష్టాన్ని సాధారణంగా ఏళ్లలో కొలుస్తారు. కొన్ని దావాల్లో ఆలస్యం హక్కులనే మారుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టానికి చేసిన 1986 సవరణ ద్వారా, 1985 సెప్టెంబరు 5 నాటికి వివాహం కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో సమాన హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ ఆ హక్కును వివాహితలకూ విస్తరించింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఒక విభజన దావాలో 1999లో ప్రాథమిక డిక్రీ వచ్చి, 2003లో సవరణ జరిగి, తుది డిక్రీ కాకముందే 2005 చట్టం రావడంతో, కుమార్తెల వాటాలకు అనుగుణంగా ప్రాథమిక డిక్రీని తిరిగి మార్చవచ్చునని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. 2005 నాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని 2020లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్థిరపరచింది.

ఈ తీర్పులు ఇక్కడ రెండు విధాల ముఖ్యమైనవి. తుది డిక్రీ త్వరగా ముగిసిన కుటుంబాల కుమార్తెలు కొత్త హక్కును పొందలేకపోవడం, దావా సాగిన కుటుంబాల కుమార్తెలు పొందడం చూస్తే, త్వరగా ముగియడమే న్యాయమనే సరళ సమీకరణం నిలవదు. అదే సమయంలో, హక్కు ఉందా లేదా అన్నది కోర్టు ఎంత ఆలస్యం చేసిందన్న దానిపై ఆధారపడటం కూడా న్యాయం కాదు. చట్టం మారినప్పుడు కోర్టు స్వయంగా పక్షాలన్నిటికీ నోటీసు ఇచ్చి వాటాలను ఒక్కసారే తిరిగి లెక్కించడం నిర్వహణలో భాగం కావాలి. కుమార్తె న్యాయవాదిని పెట్టుకుని పిటిషన్ వేస్తేనే ఆ హక్కు అందడం సరికాదు.

7. వేగానికి హద్దులు

న్యాయమూర్తి దావాను నడిపించడం మొదలుపెట్టినప్పుడు మూడు ప్రమాదాలు పొంచి ఉంటాయి.

మొదటిది, గుంపులో వ్యక్తి గొంతు వినబడకపోవడం. 1984 డిసెంబరు నాటి భోపాల్ విషవాయు దుర్ఘటన బాధితుల తరఫున దావా నడిపే అధికారాన్ని 1985 చట్టం కేంద్ర ప్రభుత్వానికే ఇచ్చింది. వేల దావాలు విడివిడిగా నడవడం అసాధ్యం గనుక ఆ ఏర్పాటుకు కారణం ఉంది. అయితే 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినప్పుడు బాధితులకు ముందుగా తమ మాట చెప్పుకునే అవకాశం రాలేదు. చట్టాన్ని సమర్థించిన సుప్రీంకోర్టు సైతం అదే ఏడాది చివర, రాజీకి ముందు నోటీసు ఇచ్చి ఉండవలసిందని అంగీకరించింది. రాజీలో భాగమైన క్రిమినల్ చర్యల నిలుపుదలను 1991లో తొలగించింది. సామూహిక వ్యాజ్యంలో రాజీ ఎంత మంచిదైనా, కట్టుబడవలసినవారికి ముందే తెలియకపోతే దానికి నైతిక బలం ఉండదని ఈ ఉదంతం నేర్పుతుంది.

గుంపును మన్నిస్తూనే వ్యక్తిని కాపాడిన ఏర్పాటు కూడా ఉంది. 2014లో రద్దయిన 1894 భూసేకరణ చట్టానికి 1984లో చేర్చిన 28-ఎ సెక్షన్ ప్రకారం, ఒకే నోటిఫికేషన్ కింద భూమి పోగొట్టుకున్న ఒకరికి కోర్టు పరిహారం పెంచితే, కోర్టుకు వెళ్లలేని పక్క రైతు మూడు నెలల్లో కలెక్టరుకు దరఖాస్తు చేసుకుని అదే రేటు కోరగలిగేవాడు. ఒక తీర్పు ఫలితం అందరికీ అందింది, పునరావృత విచారణలు తగ్గాయి, తనకు అది చాలదనుకున్న రైతు కోర్టుకు వెళ్లే దారీ మిగిలింది.

రెండవది, గడువు బలహీనుడిపైనే బిగుసుకోవడం. పెద్ద సంస్థకు 30 రోజుల్లో జవాబు దాఖలు చేయడం కష్టం కాదు. పట్టణంలో కూలికి వెళ్లిన వాటాదారుకు సమన్లు అందడమే ఆ వ్యవధి పడుతుంది. అందువల్ల గడువు తప్పినప్పుడు హక్కును తీసివేసే శిక్ష కంటే, ఆలస్యం చేసిన పక్షం ఎదుటివారి నిజమైన ఖర్చును తరువాతి విచారణ తేదీనాడే చెల్లించేలా సివిల్ ప్రక్రియా స్మృతి 35-బి సెక్షన్ వాడటం ఎక్కువ న్యాయం, ఎక్కువ ఫలవంతం. నామమాత్రపు ఖర్చులు వాయిదాకు ధర నిర్ణయించినట్టే అవుతాయి.

మూడవది, రాజీ కోసం ఒత్తిడి. కుటుంబ ఆస్తి తగాదాలు మధ్యవర్తిత్వానికి అనువైనవని ఆఫ్‌కాన్స్ కేసులో సుప్రీంకోర్టు 2010లో చెబుతూనే, రాజీకి స్వయంగా ప్రయత్నించిన న్యాయమూర్తి, అది విఫలమైతే ఆ కేసును విచారించరాదని హెచ్చరించింది. అన్నదమ్ముల ఎదుట అక్కచెల్లెళ్లు “వద్దులెండి” అని వదులుకునే వాటా రాజీనా, సంకోచమా అన్నది విడిగా అడిగి తెలుసుకోవలసిన బాధ్యత మధ్యవర్తిపైనా, రాజీని నమోదు చేసే కోర్టుపైనా ఉంది.

8. చేయవలసినది

ఈ పరిశీలన నుంచి మూడు ప్రతిపాదనలు తేలుతాయి. వాణిజ్య దావాలకు ఇచ్చిన కేసు నిర్వహణ విచారణను, ఒక నిర్దిష్ట సంఖ్యకు మించిన పక్షాలు లేదా ఆస్తులు ఉన్న ప్రతి సివిల్ దావాకూ నియమపూర్వకంగా విస్తరించాలి. రాష్ట్రాల హైకోర్టులకు సివిల్ ప్రక్రియా స్మృతి 122వ సెక్షన్ కింద నియమాలను సవరించే అధికారం ఉన్నందున దీనికి పార్లమెంటు కోసం ఎదురుచూడనవసరం లేదు. ఆ విచారణకు పట్టే గంటలు తీర్పుల లెక్కలో కనిపించవు గనుక, న్యాయాధికారుల పనిని మదింపు చేసే యూనిట్లలో దానికి తగిన విలువ ఇవ్వాలి. అలా ఇవ్వకపోతే తేలిక కేసులను ముగించి జటిలమైనవాటిని పక్కన పెట్టడమే వృత్తిరీత్యా లాభసాటి అవుతుంది. న్యాయాధికారి బదిలీ అయినప్పుడు వివాదాంశాల పట్టిక, ఆస్తుల పట్టిక, తేదీల పట్టిక ఫైలు మొదటి పుటల్లోనే ఉండి, వచ్చినవారు మళ్లీ మొదటినుంచి ప్రారంభించనవసరం లేకుండా చూడాలి.

ఇవేవీ న్యాయమూర్తిని నియంతను చేసేవి కావు. ఏ ఆస్తి గురించి, ఏ కారణంతో, ఎవరితో తగువు ఉందో తొలి నెలల్లోనే అందరి ఎదుటా రాసిపెట్టినప్పుడు, బలవంతుడు సాగదీయడానికి చోటు తగ్గుతుంది, బలహీనుడు తనకు తెలియకుండా ఓడిపోయే ప్రమాదమూ తగ్గుతుంది. వేగమూ న్యాయమూ పరస్పర విరుద్ధాలనే భావన, దావాకు ఎవరూ బాధ్యులు కాని పరిస్థితిలో మాత్రమే నిజమవుతుంది. ఆ బాధ్యతను తీసుకునే వ్యవధినీ అధికారాన్నీ గుర్తింపునూ జిల్లా కోర్టు న్యాయాధికారికి ఇవ్వడం హైకోర్టుల పని; ఇచ్చినదాన్ని వాడుకోనివ్వడం న్యాయవాద వర్గపు పని.